రాసింది నలుగురి ముందు పెట్టాక

(యువ నాటక రచయితల సమావేశంలో ఒక నాటక దర్శకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరరూపంలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, ముఖ్యంగా ముందు వరసలు వదిలేసి వెనక కూర్చున్న యువ రచయితలకు. ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ముందుకు రండి. రండమ్మా, మొహమాటం వద్దు.

నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న సూటిగా ఉంది. నాటికో, లఘుచిత్రానికి స్క్రిప్టో రాసి ఇంటర్నెట్‌లో పెట్టే రచయిత, దాని మీద వచ్చే అభిప్రాయాలకు చెవి ఒగ్గాలా, అక్కర్లేదా? నా జవాబు చివరి దాకా దాచుకోను, ముందే చెప్పేస్తాను. ఒగ్గాలి. తప్పకుండా ఒగ్గాలి. అయితే వినడం వేరు, విన్నదల్లా చేయడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల కొందరు అసలు వినడం మానేస్తున్నారు, ఇంకొందరు అందరి మాటా విని సొంత నాటికను పోగొట్టుకుంటున్నారు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

మొదట మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీరు స్క్రిప్టు నెట్‌లో ఎందుకు పెడుతున్నారు? ఎవరైనా చెప్పండి. ‘ఎవరైనా ఆడతారని’ అంటున్నారు వెనక నుంచి. బాగుంది. ‘నలుగురూ చదువుతారని.’ అదీ నిజమే. ‘ఎలా ఉందో తెలుసుకుందామని’ అంటోంది ఆ అమ్మాయి. మూడూ సరైన జవాబులే. చూడండి, ఈ మూడింటిలో ఏది తీసుకున్నా అవతల ఒక మనిషి ఉన్నాడు. ఆడే మనిషి, చదివే మనిషి, చెప్పే మనిషి. బీరువాలో దాచుకున్న రాతప్రతికి ఎవరితోనూ పని లేదు. బయట పెట్టారంటే మనిషిని పిలిచినట్టే. పిలిచి, అతను నోరు తెరవగానే ‘నిన్నెవరు అడిగారు’ అంటే ఎలా?

నాటిక విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఎందుకంటే నాటిక కాగితం మీద పూర్తి కాదు. దర్శకుడు దానికి కదలికలు కూర్చాలి. నటుడు నోట పలకాలి. లైట్లు వేసే మనిషి ఎక్కడ చీకటి చేయాలో అందులోనే వెతుక్కోవాలి. రిహార్సల్ మొదలైన రెండో రోజుకే ఎవరో ఒకరు అంటారు, ‘ఈ డైలాగుకు నోరు తిరగడం లేదండీ’ అని. అది అభిప్రాయం కాదా? రిహార్సల్ గదిలో నటుడు ఆ మాట అంటే మనం పెన్ను తీసి దిద్దుకుంటాం. అదే మాట ముక్కూ మొహం తెలియని పాఠకుడు ఫోనులో రాసి పంపితే ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? ఇద్దరూ చెబుతున్నది ఒకటే, వాక్యం పొడుగ్గా ఉంది, ఊపిరి సరిపోవడం లేదు అని.

మనకు పరిషత్తుల సంప్రదాయం ఉంది, అంటే నాటక పోటీలు నడిపే సంస్థలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి తెలుగు నాటిక చాలా వరకు ఈ పోటీల చుట్టూనే పెరిగింది. ఆ మేలు కాదనలేం. ఊరూరా నాటక సమాజాలు బతికాయంటే, ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సళ్లకు వచ్చే నటులు మిగిలారంటే పరిషత్తులే కారణం. కానీ వాటిలో రచయితకు తెలిసేది ఏమిటి? బహుమతి వచ్చిందో రాలేదో తెలుస్తుంది. ఉత్తమ రచన ఎవరిదో మైకులో చదువుతారు. నాటిక ఏ చోట ప్రేక్షకుడి నుంచి జారిపోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పే తీరిక కూడా ఉండదు. రాత్రి పొద్దుపోయాక చివరి ప్రదర్శన ముగిసేసరికి న్యాయనిర్ణేతలు అలసిపోయి ఉంటారు, సమాజం వాళ్లు సామాను సర్దుకుని బస్సు అందుకోవాలి. ‘ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నతోనే రచయిత ఇంటికి వెళ్తాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఇప్పుడు మీ చేతిలో ఉంది. ప్రదర్శనకు ముందే, తప్పు దిద్దుకోవడానికి ఇంకా సమయం ఉండగానే, పదిమంది చేత చదివించుకోవచ్చు. నా తరం రచయితలకు ఆ వసతి లేదు. రాతప్రతిని చేత్తో నకలు రాసి, పోస్టులో పంపి, నెలల తరబడి ఎదురు చూసేవాళ్లు.

ఇక వచ్చే అభిప్రాయాల సంగతి. ఎక్కువగా వచ్చేది ఏమిటి? ‘బాగుంది.’ ‘అద్భుతం సార్.’ రెండు చేతులు జోడించిన బొమ్మ. దండలు, పూలగుత్తులు. మీరు అందరి కన్నా జాగ్రత్తగా ఉండాల్సింది వీళ్ల దగ్గరే. తిట్టు వస్తే కనీసం ఒకసారి మన పేజీ తిరగేసి చూసుకుంటాం. పొగడ్త వస్తే పేజీ మూసేస్తాం.

గురజాడ సంగతి తీసుకుందాం. కన్యాశుల్కాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడారు. జనం ఆదరించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. నాటక ప్రదర్శనకు తెలుగు భాష పనికిరాదన్న అపోహను పోగొట్టడం కూడా తన ఉద్దేశాల్లో ఒకటని ఆయన ముందుమాటలోనే చెప్పుకున్నారు. ఆడిన నాటకం అది, మెప్పు పొందిన నాటకం, అచ్చయిన నాటకం. ఇంకేం కావాలి? మనమైతే ఏం చేస్తాం? సన్మానాలకు వెళ్తాం. ఆయన ఏం చేశారు? ఆ నాటకాన్ని తిరగరాశారు. 1909లో రెండో కూర్పు వచ్చింది. దిద్దుబాటు అంటే అక్కడొక మాట ఇక్కడొక మాట మార్చడం కాదు. నాటకం బాగా పెరిగింది, దాదాపు కొత్త నాటకం అయింది. ఈ రోజు మనం మధురవాణి, మధురవాణి అని తలచుకుంటున్నామే, ఆ మనిషి ఆ నిండుతనంతో కనిపించేది రెండో కూర్పులోనే. మొదటి కూర్పులో ఆమెది చిన్న పాత్ర. ఆ మొదటి కూర్పును పరిశోధకుడు బంగోరె గారు వెలికితీసి మళ్లీ అచ్చువేయించారు కాబట్టి మనకు రెండూ దొరుకుతున్నాయి. నాటక రచన నేర్చుకోవాలనుకునేవాళ్లు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ సన్నివేశం ఎంత పెరిగింది, ఏ పాత్ర నోట ఏ మాట కొత్తగా వచ్చింది, పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఏ కార్యశాలలోనూ అంతకు మించిన పాఠం దొరకదు.

నేను చెప్పేది ఏమిటంటే, ఆయనను ఆ నాటకం దగ్గరికి మళ్లీ రప్పించింది ఓటమి కాదు. గెలిచిన నాటకం లోపల ఇంకా రావాల్సింది ఉందని ఆయనకు తెలుసు. పన్నెండేళ్ల తరవాత కూడా ఆయన చెవి మూసుకోలేదు. అంతకన్నా ఏం కావాలి మనకు?

ఇక్కడ ఒకరు చేయి ఎత్తారు. చెప్పండి. ‘గొప్ప రచయితలు లోకం మాట వింటూ కూర్చున్నారా?’ అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఈ వాదం మన సంస్కృత నాటకాల్లోనే ఉంది, రెండు వైపులా ఉంది. శాకుంతలం ప్రస్తావనలో, అంటే అసలు కథకు ముందు వచ్చే పరిచయ సన్నివేశంలో, నాటకం నడిపించే సూత్రధారుడి చేత కాళిదాసు ఏమనిపించాడు? ‘ఆ పరితోషాద్ విదుషాం న సాధు మన్యే ప్రయోగ విజ్ఞానమ్.’ తెలిసినవాళ్లు తృప్తి పడేదాకా మా ప్రయోగం బాగుందని నేననుకోను. ఎంత శిక్షణ పొందినా మనసుకు తన మీద తనకు పూర్తి నమ్మకం ఉండదు. ఇదీ కాళిదాసు. భవభూతి దగ్గరికి రండి. మాలతీమాధవం ప్రస్తావనలో ఆయన, నన్ను చిన్నచూపు చూసేవాళ్ల కోసం కాదు నా ప్రయత్నం, నాలాంటివాడు ఎప్పుడో ఎక్కడో పుడతాడు, కాలానికి అంతు లేదు, భూమి విశాలం అన్నాడు.

మన కుర్రవాళ్లకు భవభూతి మాట బాగా నచ్చుతుంది. నాకూ నచ్చుతుంది, అందులో ఒక ఆత్మాభిమానం ఉంది, బాధ కూడా ఉంది. కానీ గమనించండి, భవభూతి ఆ మాట అన్నది తిరస్కారం చేసేవాళ్లను ఉద్దేశించి. చదివి, ఆలోచించి, ఇక్కడ నాకు అందలేదు అన్న మనిషిని ఉద్దేశించి కాదు. అవజ్ఞ చేసేవాడికి భవభూతి జవాబు ఇవ్వండి. శ్రద్ధగా చదివినవాడి ముందు కాళిదాసు సూత్రధారుడిలా నిలబడండి. ఆదికవి నన్నయ కూడా భారత రచనలో నారాయణభట్టు తనకు తోడు నిలిచాడని, యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు నిలిచినట్టు నిలిచాడని అవతారికలో, అంటే కావ్యం మొదట్లోని పీఠికలో, రాసుకున్నాడు. మన సాహిత్యం మొదటి పుటల్లోనే పక్కన మరో మనిషి ఉన్నాడు.

సరే, వినాలి అన్నాం. ఎలా వినాలి? దీన్ని కొంచెం విడమరచి చెప్పనివ్వండి, ఎందుకంటే పని అంతా ఇక్కడే ఉంది.

ఈ మధ్య ఒక అమ్మాయి తన నాటిక నలుగురికీ పంపింది. అప్పుల్లో ఉన్న రైతు ఇల్లు. మొదటి సన్నివేశంలో తల్లి కొడుకుతో అంటుంది: ‘నిన్న రాత్రి అప్పు ఇచ్చినవాడు మన ఇంటికి వచ్చి, నాన్నను నలుగురి ముందు అవమానించిన సంగతి అప్పుడే మరచిపోయావా?’ చదివిన ఒకాయన రాశాడు, ‘ఈ డైలాగు కృత్రిమంగా ఉంది. దీని బదులు నిన్నటి రాత్రి సన్నివేశం మొదట్లో చూపించండి’ అని. ఆ అమ్మాయికి కోపం వచ్చింది. వస్తుంది కదా! ఆమె నాటిక అంతా ఒకే పగటిపూట నడుస్తుంది, రాత్రి సన్నివేశం పెడితే ఆ బిగువు పోతుంది. కాబట్టి ఆయన మాట పనికిరాదని పక్కన పెట్టేసింది.

ఆయన చెప్పినదాంట్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి ఫిర్యాదు, రెండోది మందు. మందు తప్పు. ఫిర్యాదు నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ కొడుకు నిన్న రాత్రి అక్కడే ఉన్నాడు. అన్నీ చూసినవాడికి తల్లి మళ్లీ ఎందుకు చెబుతోంది? అతని కోసం కాదు, ప్రేక్షకుల కోసం. అందుకే వినేవాడికి గుచ్చుకుంది. మూడు రోజుల తరవాత ఆ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? ఆ డైలాగు మొత్తం తీసేసింది. తెర లేస్తుంది. తల్లి వాకిట్లో ఒక కుర్చీని నీళ్లు పోసి కడుగుతోంది. కొడుకు బయటి నుంచి వచ్చి ‘నిన్న రాత్రే కడిగావు కదమ్మా’ అంటాడు. ఆమె పలకదు, ఇంకో చెంబు నీళ్లు పోస్తుంది. అంతే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో, కూర్చుని ఏం చేశారో తెలుసుకోవాలని ప్రేక్షకుడు ముందుకు వంగుతాడు. ఇది ఆ పాఠకుడు చెప్పింది కాదు. కానీ ఆ పాఠకుడు చెప్పకపోతే వచ్చేది కాదు.

అందుకని నేనంటాను, మందు మీదే, ఫిర్యాదు వాళ్లది. ‘ఇక్కడ నాకు విసుగు పుట్టింది’ అని ఎవరైనా అంటే దానితో వాదించకండి. అతనికి విసుగు పుట్టింది, అది జరిగిపోయింది. ‘ముగింపులో కూతురు చనిపోవాలి’ అంటే మాత్రం నమస్కారం పెట్టి మీ పని మీరు చూసుకోండి. అయినా ముగింపు గురించి నలుగురైదుగురు నాలుగైదు రకాల మందులు చెబుతున్నారంటే అక్కడ నొప్పి ఉన్నట్టే. ముగింపు దగ్గరే కాదు, దానికి రెండు పేజీల ముందు కూడా వెతకండి.

ఇంకో రకం అభిప్రాయం ఉంది. దాన్ని చర్చ లేకుండా తీసుకోవాలి. తెలిసినవాడు చెప్పేది. చేనేత కుటుంబం మీద ఒక నాటికలో రంగసూచన ఇలా ఉంది: ‘మగ్గం నేస్తున్న తండ్రి కోపంతో ఒక్కసారిగా లేచి కొడుకు చెంప మీద కొడతాడు.’ నేత కుటుంబం నుంచి వచ్చిన ఒక పాఠకుడు ఒక్క వాక్యం రాశాడు: ‘గుంట మగ్గం మీద కూర్చున్నవాడి కాళ్లు గుంటలో ఉంటాయండీ, అంత చటుక్కున లేవలేడు.’ ఎంత విలువైన మాట! అది తప్పు చూపడం ఒక్కటే కాదు, రచయితకు ఒక సన్నివేశాన్ని ఉచితంగా ఇవ్వడం. కోపం వచ్చిన తండ్రి లేవలేడు. కొడుకు చేతికి అందనంత దూరంలో నిలబడి మాట్లాడుతున్నాడు. తండ్రి చేతిలో ఉన్నది నాడె ఒక్కటే, నేతలో దారాన్ని అటూ ఇటూ నడిపే పరికరం. ఇప్పుడు ఆ సన్నివేశం ఎలా నడుస్తుంది? ఊహించండి. చెంపదెబ్బ కన్నా ఎంత బలం ఉంది అందులో!

యాసల విషయం కూడా ఇందులోకే వస్తుంది, ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. తెలంగాణ మాటను, ఉత్తరాంధ్ర మాటను, రాయలసీమ మాటను మన రంగస్థలం, మన సినిమా చాలా కాలం ఎలా వాడుకున్నాయి? నౌకరుకు ఒక యాస, రౌడీకి ఒక యాస, నవ్వించే పాత్రకు ఒక యాస. కథానాయకుడికి మాత్రం పత్రికల భాష. ఆ ప్రాంతం మనిషి మీ స్క్రిప్టు చదివి, ‘మా ఇంట్లో ఇలా మాట్లాడరు, మమ్మల్ని నవ్వులాటకు పెట్టారు’ అని రాస్తే, అది కళా స్వేచ్ఛ మీద దాడి అని బయల్దేరకండి. ఆయన తన తల్లి మాట గురించి మాట్లాడుతున్నాడు. విని, ఆ ఊరి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాత్ర సంభాషణలు మళ్లీ రాయండి. పాత్రను నవ్వు కోసమే పెట్టారా, దానికి ఇంకేమైనా పని ఉందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఇక భయం సంగతి. చాలామంది యువకులు నాతో అంటారు, ‘సార్, అభిప్రాయాలతో ఇబ్బంది లేదు, దొంగతనంతోనే. పెడితే కథ ఎత్తుకుపోతారు’ అని. ఈ భయాన్ని కొట్టిపారేయను. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన 1953లో ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశారు. అది ఢిల్లీలో ఆడింది. సినిమాలు తీసే ఒక దర్శక నిర్మాతకు ఆనంద్ దాన్ని వినిపించారు. 1956లో ఆ దర్శకుడి ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది. నా నాటకమే అని ఆనంద్ కోర్టుకు వెళ్లారు. చివరికి 1978లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైటు ఉండదు, దాన్ని మలచిన తీరు మీదే ఉంటుంది, ఈ సినిమా ఆ నాటకానికి నకలు కాదు అని. ఆయన ఓడిపోయారు.

దీన్నుంచి ఏం నేర్చుకోవాలి? మొత్తం దాచుకోవాలనా? నేనలా అనుకోను. ఆనంద్ నాటకం నెట్‌లో పోలేదు, మనుషుల మధ్య వినిపించిందే. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన ఆలోచనకు చట్టం కాపలా కాయదు. కాబట్టి ఉట్టి ఆలోచనను, సారాంశాన్ని ఊరంతా చెప్పుకు తిరగకండి. సన్నివేశాలతో, సంభాషణలతో పూర్తిగా రాయండి, అప్పుడే పెట్టండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాక్ష్యంగా పనికివస్తుంది. తేదీతో సహా పదిమంది కళ్ల ముందు ఉన్న రాత కూడా ఒక సాక్ష్యమే. ఆ చట్టంలోనే 57వ సెక్షను ఉంది. రచన నాదని చెప్పుకునే హక్కు, నా పరువుకు భంగం కలిగేలా వక్రీకరిస్తే అడ్డు చెప్పే హక్కు రచయితకు ఇచ్చింది. మొదటి పేజీ మీద మీ పేరు, తేదీ, ‘ప్రదర్శనకు అనుమతి తీసుకోవాలి’ అన్న వాక్యం పెట్టుకోండి. ఆ తరవాత నిబ్బరంగా ఉండండి.

ఇప్పటిదాకా రచయితలతో మాట్లాడాను. చదివి అభిప్రాయం చెప్పేవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు, బహుశా ఎక్కువమందే. మీకూ రెండు మాటలు.

మొత్తం చదవకుండా రాయకండి. రెండు పేజీలు చదివి, ‘ఇలాంటివి చాలా చూశాం’ అనడానికి మీకు హక్కు లేదు. పేజీ చెప్పండి, వాక్యం చెప్పండి. మీకు ఏం కలిగిందో చెప్పండి, మీరైతే ఏం రాసేవారో తరవాత. అది మొదటి రచన అని తెలిస్తే ఒక్క పెద్ద విషయం ఎంచుకుని చెప్పండి, అక్షర దోషాల జాబితా పంపకండి. మీకు నచ్చింది కూడా అంతే వివరంగా చెప్పండి, ‘బాగుంది’ అని వదిలేయకండి. ఏది బాగుందో తెలియకపోతే దిద్దేటప్పుడు రచయిత దాన్నే తీసేస్తాడు! ఇది చాలాసార్లు జరిగింది, మంచి సన్నివేశాలు అలా పోయాయి.

ఆడపిల్లలు రాసి పెట్టినప్పుడు కొందరు రాత వదిలేసి మనిషి మీద పడతారు. ‘ఇది నీ సొంత కథేనా’ అని అడుగుతారు, ఫోటోల గురించి మాట్లాడతారు, అర్ధరాత్రి ఫోన్లు చేస్తారు. అది అభిప్రాయం కాదు, వేధింపు. వినే బాధ్యత మీకు ఏ మాత్రం లేదమ్మా. తలుపు మూసేయండి. చూస్తూ ఊరుకునే పెద్దమనుషులకు కూడా చెబుతున్నాను, అక్కడ మీరు నోరు విప్పకపోతే రేపు ఆ పిల్ల రాయడం మానేస్తుంది. తెలుగులో స్త్రీలు రాసిన నాటికలు ఎందుకు తక్కువ అని మళ్లీ సభలు పెట్టి బాధపడటం దేనికి?

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. భోజనాల తరవాత మీరు తెచ్చిన స్క్రిప్టుల్లో కొన్ని చదవబోతున్నాం. పద్ధతి ఇది. రచయిత తన స్క్రిప్టు తాను చదవకూడదు. ఇంతవరకు దాన్ని చూడనివాళ్లు పాత్రలు పంచుకుని పైకి చదువుతారు. చదువుతున్నంతసేపూ రచయిత మాట్లాడకూడదు, ‘అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే’ అని లేవకూడదు. ప్రదర్శన రోజున ప్రతి ప్రేక్షకుడి పక్కనా కూర్చుని ఉద్దేశం చెప్పలేరు కదా. ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ కుర్చీలు కదిలాయో, ఎక్కడ నిజంగా నవ్వారో గుర్తు పెట్టుకోండి. ముందు చదివిన నటులు మాట్లాడతారు, ఆ తరవాత విన్నవాళ్లు. రచయిత వంతు చివర్లో. ఆ వంతులో సమర్థించుకోవడం ఉండదు, ప్రశ్నలు అడగడమే. ‘నాలుగో పేజీలో ఆమె ఎందుకు వెళ్లిపోయిందో మీకు అర్థమైందా?’ అని అలాంటివి. దూరాన ఉన్న మిత్రులకు పంపేటప్పుడు కూడా ఇలాగే చేయవచ్చు. ఇద్దరిని చదివి రికార్డు చేసి పంపమనండి, కళ్లు మూసుకుని వినండి.

పేజీలకు నంబర్లు వేయనివాళ్లు ఎవరైనా ఉంటే భోజనాల లోపు వేసుకుని రండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.